బడిలో నోరు విప్పని పాప: నేను పొరబడిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. పాప పేరు, ఊరు, తండ్రి ఉద్యోగం, స్కూలు వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పాప యాస మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఇక చెప్పడానికేమీ ఉండదు.

నేపథ్యం

పాపను సిరి అందాం. మా క్లినిక్‌లో నా దగ్గరికి వచ్చేనాటికి ఆరేళ్లకు రెండు నెలలు తక్కువ. అయిదేళ్లు నిండేదాకా ఉత్తరాంధ్రలో ఒక పల్లెలో మామ్మ దగ్గర పెరిగింది. తండ్రికి హైదరాబాద్‌లో ఉద్యోగం. వేసవిలో తల్లి, సిరి, ఏడాది తమ్ముడు ముగ్గురూ ఇక్కడికి వచ్చేశారు. జూన్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూల్లో ఒకటో తరగతిలో వేశారు. జనవరిలో స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. పాప స్పందించడం లేదనీ, ఆటిజమో నేర్చుకోవడంలో ఇబ్బందో ఉందేమో పరీక్ష చేయించుకురమ్మనీ దాని సారాంశం.

ఆ ఏడు నెలల్లో సిరి స్కూల్లో ఒక్క మాట మాట్లాడలేదన్నారు. బాత్రూమ్‌కి వెళ్లాలని కూడా అడగదు. రెండుసార్లు బట్టలు తడుపుకుంది. నోట్‌బుక్ మాత్రం శుభ్రంగా ఉంటుంది, కూడికలు సరిగ్గా చేస్తుంది, బోర్డు మీదిది తప్పులేకుండా రాసుకుంటుంది. ఇంటికి రాగానే మాటే మాట. తండ్రి మొదటిరోజు అన్నారు: “ఇంట్లో రేడియో మేడమ్, స్కూల్లో రాయి. మొండితనం కాకపోతే ఏంటిది?”

నమ్మకం కలగడానికి తల్లి తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. నాలుగు నిమిషాలు ఉంటుంది. సిరి వీడియో కాల్‌లో మామ్మకి పిల్లి సంగతి చెబుతోంది. “మామ్మా, పిల్లి వొచ్చీసి పాలు తాగీసిందే. అమ్మ సూడనేదు. నాను సూసీసినాను. అమ్మేమో తమ్ముడు పారబోసీసినాడని తిట్టీసింది.” ఎవరు ఏం చూశారు, ఎవరికి ఏం తెలియదు, అందుకని ఎవరు ఎవర్ని ఏమన్నారు, అన్నీ వరసలో ఉన్నాయి. తల్లి పొరపాటు పడిందని పాపకు తెలుసు, ఆ పొరపాటు ఎందుకు జరిగిందో కూడా తెలుసు. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి?

ఆ వీడియోతోనే చాలా అనుమానాలు తీరిపోయాయి. వినికిడి పరీక్ష మామూలుగా వచ్చింది. చూపు కలపడం, కలిసి ఆడటం, ఊహించి ఆడటం అన్నీ ఇంట్లో బాగున్నాయి కాబట్టి ఆటిజం వైపు వెళ్లలేదు. ఇంగ్లిష్ రాక మాట్లాడటం లేదా? కొత్త భాషలో పడిన పిల్లలు కొన్ని నెలలు మౌనంగా ఉండటం మామూలే, దాన్ని జబ్బు అనకూడదు. కానీ సిరి తెలుగు పీరియడ్‌లోనూ మాట్లాడదు, ఆటస్థలంలోనూ మాట్లాడదు. అందుకని సెలెక్టివ్ మ్యూటిజం అని రాశాను. ఒకచోట హాయిగా మాట్లాడే బిడ్డ మరోచోట మాట్లాడాల్సినప్పుడు నెలకు మించి మాట్లాడలేకపోవడం దీని లక్షణం. స్కూల్లో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదు. 1934లో మారిట్జ్ ట్రామర్ అనే మానసిక వైద్యుడు దీనికి పెట్టిన పేరులో పిల్లలే కావాలని మౌనాన్ని ఎంచుకుంటారన్న అర్థం ఉండేది. 1994లో ఆ పేరు మార్చారు. మానసిక సమస్యల్ని వర్గీకరించే అమెరికా పుస్తకం డీఎస్ఎమ్-5 (2013లో వచ్చింది) దీన్ని ఆందోళన సమస్యల్లో చేర్చింది. తండ్రి మొండితనం అన్న మాటకు నేను చెప్పిన జవాబు ఇదే. గొంతు పట్టేస్తుంది సార్, పట్టుకునేది పాప కాదు.

ఇక్కడిదాకా నా పని బాగానే ఉంది.

మొదటి ప్రయత్నం, అందులో నా తప్పు

సిరి నాతో మాట్లాడదు కాబట్టి బొమ్మల పేర్లు చెప్పించే పరీక్ష తల్లి చేత చేయించాం. మా స్పీచ్ థెరపిస్ట్, నేను వెనక కూర్చుని గుర్తులు పెట్టుకున్నాం. 40 బొమ్మల్లో 13 తప్పు. చేప బొమ్మకి సేప, చెట్టుకి సెట్టు, చెప్పులకి సెప్పులు. సొరకాయ బొమ్మకి ఆనపకాయ. “చ బదులు స పలుకుతోంది, ఉచ్చారణ థెరపీ కావాలి” అని రిపోర్టు తయారైంది. దాని కింద నా సంతకం ఉంది.

అదే కాగితంలో చాక్లెట్, చార్జర్ అన్న రెండు మాటలకు సరైన గుర్తులే ఉన్నాయి. చ పలకలేని నోరు చాక్లెట్ ఎలా అంటుంది? ఆ ప్రశ్న నాకు ఆరువారాలు తట్టలేదు. సేప అనడం నాలుక లోపం కాదు, మామ్మ మాట. ఆనపకాయ తప్పు జవాబు కాదు, సగం కోస్తాలో అదే పేరు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసి చూపి దశాబ్దాలైంది. మా పరీక్ష కాగితంలో ఉన్నది మాత్రం ఒక్క మండలమే. నేను ఆ మండలంలోనే పుట్టాను కాబట్టి అది నాకు ‘తెలుగు’ అనిపించింది, మిగతావి ‘యాస’ అనిపించాయి.

థెరపీ మొదలుపెట్టాం. తల్లి పక్కన ఉంటే మూడోవారానికి గుసగుసగా ఒకటి రెండు మాటలు అనేది. మాట ఆలస్యమైన పిల్లలతో మేం మామూలుగా చేసే పని ఒకటుంది. బిడ్డ అన్నదాన్ని తప్పు పట్టకుండా, సరైన రూపంలో తిరిగి అనడం. సిరి “సేప” అంటే నేను నవ్వుతూ “అవును, చేప!” అనేదాన్ని. తిట్టడం లేదు కదా అనుకున్నాను.

ఆరోవారం బొమ్మల కార్డులు పరిచి ఆడుతున్నాం. కుక్క అంది. పిల్లి అంది. బంతి అంది. చేప వచ్చేసరికి వేలు పెట్టి చూపించి ఊరుకుంది. తర్వాత ఆవు అంది. చెట్టుకు మళ్లీ వేలు. చీపురుకు వేలు. కార్డులు కలిపి మళ్లీ వేశాను, అదే జరిగింది. ఏ మాటలు నేను తిరిగి అంటానో ఆ మాటలు మాత్రమే ఏరి పక్కన పెట్టేసింది. ఆరేళ్లు నిండని పిల్ల ఇంత జాగ్రత్తగా నా నోటికి దొరక్కుండా తప్పుకుంటోంది. ఆ సాయంత్రం పాత కాగితాలు తీసి చూస్తే చాక్లెట్ కనిపించింది.

ఇంట్లోనూ అదే నడుస్తోందని ఆ తర్వాత తెలిసింది. నేను రాసిన రిపోర్టు చూసి తల్లి మరింత గట్టిగా పట్టుకుంది. సేప కాదు చేప అను, నాను కాదు నేను అను. మామ్మతో మాట్లాడితే మళ్లీ పాత మాటలే వస్తాయని వీడియో కాల్స్ వారానికి ఒకటి చేసింది. ఆమెను తప్పుపట్టలేం. “మేమూ మార్చుకున్నాం కదా మేడమ్. ఇక్కడ అలా మాట్లాడితే నవ్వుతారు” అంది. దాంతో ఇంట్లో రేడియో కూడా తగ్గింది. రెండు నెలల్లో నేను సాధించింది ఇది.

అసలు జరిగింది

నవ్వుతారు అన్న మాట పట్టుకుని, ఎవరైనా నవ్వారా అని అడిగాను. తల్లికి తెలియదు. వ్యాన్‌లో వచ్చే ఆయాను అడిగితే ఆమె చెప్పింది. స్కూల్లో చేరిన రెండోవారం సిరి లేచి “మిస్, నీల్లు తాగడానికెల్తాను” అంది. టీచర్‌కు సరిగ్గా వినబడలేదు, మళ్లీ చెప్పమంది. సిరికి ఆవిడ అన్నది అర్థం కాలేదు. “ఏటి?” అంది. క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా కొంచెం నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరు మగపిల్లలు సిరిని ‘ఏటి’ అని పిలిచారు. సిరి మాట్లాడటం మానేశాక వాళ్లూ మానేశారు. ఇది గమనించాలి. మౌనంగా ఉంటే వెక్కిరింత ఆగుతుందని పాపకు రుజువు దొరికింది.

వెక్కిరించినవాళ్లను పిలిచి మందలించాలని తండ్రి అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకో చెప్పాలి.

మాటతీరును బట్టి మనవాళ్లా కాదా అని తేల్చుకోవడం పెద్దలు నేర్పగా వచ్చే బుద్ధి కాదు. కేథరీన్ కింజ్లర్, ఇమాన్యుయెల్ దుపూ, ఎలిజబెత్ స్పెల్కీ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది బాగా తెలుస్తుంది. ఆరు నెలలు కూడా నిండని పసివాళ్లు తమ భాషను తమ యాసలో మాట్లాడిన మనిషి వైపు ఎక్కువసేపు చూశారు. పది నెలల పిల్లలకు తెరమీద ఇద్దరు మనుషులు ఒకేలాంటి బొమ్మలు అందిస్తే, తమ భాష మాట్లాడిన మనిషి వైపు బొమ్మనే ఎక్కువగా తీసుకున్నారు. అయిదేళ్ల పిల్లల్ని ఎవరితో స్నేహం చేస్తావని అడిగితే, చెప్పేది అర్థమైనా సరే, వేరే యాస ఉన్న పిల్లల్ని పక్కనపెట్టారు. ఇవి బోస్టన్, పారిస్ పిల్లల సంగతులు. మన దగ్గర నాలుగు భాషలు వింటూ పెరిగే పిల్లలకు అచ్చంగా ఇలాగే వర్తిస్తాయని అనను. కానీ ఆ ఇద్దరు పిల్లలు చెడ్డవాళ్లు కారనడానికి ఇది చాలు. వాళ్లను మందలిస్తే సిరి వల్ల తిట్లు పడ్డాయన్నదొక్కటే గుర్తుంటుంది.

నన్ను తొందరపెట్టింది మరో పరిశోధన. కింజ్లర్, జాస్మిన్ డీజీసస్ 2013లో అమెరికాలోని ఇల్లినాయ్, టెన్నెసీ పిల్లల్ని పోల్చారు. టెన్నెసీది దక్షిణాది యాస. అక్కడ సినిమాల్లో, టీవీల్లో దాన్ని మోటుగా చూపిస్తారు, మన సినిమాల్లో శ్రీకాకుళం యాసను హాస్యానికి వాడుకున్నట్టే. అయిదారేళ్ల వయసులో టెన్నెసీ పిల్లలకు రెండు యాసల మధ్య తేడా పట్టింపు లేదు. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి రెండుచోట్లా పిల్లలు ఉత్తరాది యాసవాళ్లే తెలివైనవాళ్లన్నారు, దక్షిణాదివాళ్లు మంచివాళ్లన్నారు. తమ ఊరి గొంతుకు తెలివి లేదని టెన్నెసీ పిల్లలే ఒప్పేసుకున్నారన్నమాట. ఒకటో తరగతిలో నవ్వు వింతగా ఉన్నందుకు వచ్చే నవ్వు. నాలుగో తరగతి నాటికి అది తక్కువచూపుగా గట్టిపడుతుంది. చేయాల్సింది ఇప్పుడే అనిపించింది.

తల్లికి మాత్రం 1960లో మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్ బృందం చేసిన ప్రయోగం చెప్పాను. రెండు భాషలూ బాగా వచ్చిన మనుషుల చేత ఒకే పేరాను ఇంగ్లిష్‌లో ఒకసారి, ఫ్రెంచ్‌లో ఒకసారి చదివించి రికార్డు చేశారు. వినేవాళ్లకు ఇద్దరూ ఒకరేనని తెలియదు. ఇంగ్లిష్ గొంతుకే ఎక్కువ తెలివి, ఎక్కువ ఎత్తు ఉన్నాయని మార్కులు వేశారు. ఫ్రెంచ్‌వాళ్లు కూడా అంతే. ఆమె కాసేపు ఊరుకుని, “మా ఆయన ఆఫీసువాళ్లతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు వేరే మనిషి” అని నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెతో పని సులువైంది.

రెండో ప్రయత్నం

ఉచ్చారణ థెరపీ ఆపేశాం. రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తది రాసిచ్చాను, పాతది ఎందుకు తప్పో అందులోనే రాశాను. ఇంట్లో సరిదిద్దడం పూర్తిగా బంద్. మామ్మ కాల్స్ మళ్లీ రోజూ. మూడు నెలల్లో కదలిక రాకపోతే చైల్డ్ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలని ముందే అనుకున్నాం.

క్లినిక్‌లో తల్లీకూతుళ్లు ఆడుకుంటుంటే నేను గదిలో ఒక మూల రాసుకుంటూ కూర్చునేదాన్ని. సిరి వైపు చూడను, ప్రశ్న అడగను. వారం వారం కుర్చీ కాస్త దగ్గరికి. అడగాల్సినవి తల్లినే అడిగేదాన్ని, అవీ నిజంగా నాకు తెలియనివి. ఆనపకాయతో మీ వైపు ఏం వండుతారు? మామ్మ కోపమొస్తే ఏమంటుంది? తల్లి మొదట పట్నం తెలుగులో చెప్పేది, తర్వాత తన మాటల్లోకి జారిపోయేది. నాలుగోవారం ఆమె ఏదో వరస తప్పు చెబితే సిరి నాకు వినబడేలా “కాదే అమ్మా” అంది. నేను తల ఎత్తలేదు.

స్కూల్లో పని కష్టం. క్లాస్ టీచర్‌కు ఆ నవ్వు గుర్తే లేదు. చెప్పాక చాలా బాధపడ్డారు. ఆమెది కరీంనగర్ వైపు. “నేను మాత్రం తక్కువా మేడమ్? స్టాఫ్‌రూమ్‌ల గట్ల ఇట్ల అనకుండ చూసుకుంట” అన్నారు. ఆ మాట నుంచే ఒక ఆలోచన పుట్టింది. ఒక శుక్రవారం ఆమె కొన్ని కూరగాయలు తెచ్చి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు అని పిల్లల్ని అడిగారు. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ప్యాజ్. పల్లీలు, వేరుశనగలు, చెనిక్కాయలు. సొరకాయ దగ్గరకొచ్చేసరికి ఎవరో ఆనపకాయ అన్నారు, సిరి కాదు, భీమవరం నుంచి వచ్చిన మరో పాప. అన్ని పేర్లూ బోర్డు మీద రాశారు. సిరిని ఏమీ అడగొద్దని ముందే అనుకున్నాం, అడగలేదు. కానీ ఆరోజు ఇంటికొచ్చి మామ్మకి ఫోన్ చేయించి, “మా బడిలో ఆనపకాయ రాసినారు” అని చెప్పిందట.

మాట బయటికి రావడానికి ఇంకో పిల్ల కావాలి. ఎవర్ని ఎంచుకోవాలి? చురుకైన పిల్లను ఇస్తామన్నారు టీచర్. నేను ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లను అడిగాను. 2015లో సమంతా ఫాన్, కింజ్లర్ తదితరులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలతో ఒక ఆట ఆడించారు. పిల్లకు మూడు కార్లు కనబడతాయి, ఎదురుగా ఉన్న పెద్దమనిషికి రెండే కనబడతాయి. ఆమె “చిన్న కారు తియ్” అంటే, ఆమెకు కనబడేవాటిలో చిన్నది తీయాలి. రెండు భాషలు వచ్చిన పిల్లలే కాదు, చుట్టూ మరో భాష వినబడుతూ ఉన్న పిల్లలు కూడా ఒకే భాషలో పెరిగినవాళ్లకంటే దీన్ని బాగా చేశారు. ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో పట్టుకోవడం వాళ్లకు అలవాటు. దీన్నిబట్టి సిరికి అలాంటి స్నేహితురాలే కావాలని రుజువు కాదు. కానీ ఎవరినో ఒకరిని ఎంచుకోవాల్సినప్పుడు ఇది మంచి ఆధారమే అనిపించింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ఒక పాప దొరికింది.

స్కూలు వదిలాక ఖాళీ క్లాస్‌రూమ్‌లో వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. మొదట తల్లి, సిరి మాత్రమే, తలుపు మూసి. తర్వాత తలుపు తెరిచి. తర్వాత ఆ పాప గుమ్మం దగ్గర బొమ్మలు వేసుకుంటూ. తర్వాత ముగ్గురూ దాచిన వస్తువు వెతికే ఆట. మూడోరోజు ఆ పాప చేతిలో ఏదో దాచుకుని మూసిన గుప్పిట చాపింది. సిరి చూసి “ఏటి?” అంది. బాగా వినబడేలా. ఆ పాప నవ్వలేదు, “క్యా?” అని తిరిగి అడిగింది. వాళ్లిద్దరికీ అదే ఆటైపోయింది. ఏటి, క్యా, ఏటి, క్యా. గుప్పిట్లో ఉన్న రబ్బరు ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. తల్లి ఫోన్‌లో చెబుతుంటే ఆమె గొంతు వణికింది. 

ఇక్కడ మళ్లీ ఒక దెబ్బ తిన్నాం. వేసవి సెలవులు అయ్యాక స్కూలువాళ్లు ఉత్సాహంతో, రెండో తరగతి మొదటివారమే సిరిని క్లాసు ముందు నిలబెట్టి తన పేరు చెప్పమన్నారు. “ఇప్పుడు మాట్లాడుతోంది కదా!” మూడువారాలు మళ్లీ మౌనం, ఆ పాపతో కూడా. మెట్లన్నీ కింద నుంచి మళ్లీ ఎక్కాం, ఈసారి త్వరగా. కొత్త క్లాస్‌లో ఎవరు ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో ఒక కాగితం మీద రాసి సెలవులకు ముందే ఇవ్వాల్సింది. ఇవ్వకపోవడం నా లోపం.

మార్చుకున్నవి

మా బొమ్మల పరీక్ష కాగితంలో ఒక్కో బొమ్మకు ఎదురుగా ఇప్పుడు నాలుగైదు పేర్లు ఉన్నాయి. ఉచ్చారణ లోపం అని రాసేముందు రెండు పనులు చేస్తున్నాం. అదే శబ్దం ఉన్న ఇంగ్లిష్ మాటల్ని బిడ్డ ఎలా పలుకుతోందో వింటాం, ఇంట్లో పెంచిన పెద్దమనిషితో ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడతాం. మామ్మ సేప అంటే బిడ్డ సేప అంటుంది. తిరిగి సరైన రూపంలో అనే పద్ధతి మంచిదే, కానీ మాటకే భయపడిన బిడ్డ దగ్గర వాడటం లేదు. మాట ఎప్పుడు ఆగిందని అడిగేదాన్ని, ఇప్పుడు ఆగినరోజు ఎవరు ఏం విన్నారని కూడా అడుగుతున్నాను. ఆయాల్ని, వ్యాన్ డ్రైవర్లని అడగడం మొదటి వారంలోనే చేస్తున్నాను.

ఒక సంగతి మాత్రం నాకు తేలడం లేదు. సిరి ఇప్పుడు స్కూల్లో ఏంటి అంటుంది, ఇంట్లో ఏటి అంటుంది. ఎవరూ నేర్పలేదు. తల్లికి సంతోషం. మామ్మ మాత్రం ఫోన్‌లో “గుంట పట్నం మాటలాడేస్తంది” అని నవ్విందట, ఆ నవ్వు ఎలాంటిదో తల్లి చెప్పలేకపోయింది. రెండు మాటలు చేతిలో ఉండటం లాభమే. కానీ ఏది ఎక్కడ దాచుకోవాలో కూడా ఆ పాప నేర్చుకుంది, నేను చేప, చేప అంటూ నేర్పింది కూడా అందులో కలిసే ఉంటుంది.

ప్రస్తుతం నెలకోసారి ఫోన్‌లో మాట్లాడుతున్నాం. సిరికి క్లాస్‌లో అయిదుగురు మాట్లాడే స్నేహితులున్నారు. టీచర్‌కు చిన్న గొంతుతో జవాబు చెబుతుంది, నీళ్లకు వెళ్లాలంటే అడుగుతుంది. ఉదయం ప్రార్థనలో పెదవులు కదులుతాయి, గొంతు రాదు. ఆ గొంతు గురించి ఎవరూ అడగొద్దని కాగితం మీద రాసిచ్చాను.